ముందు వరుసలోని గొడ్డలి

మా ఇంట్లో ఆయుధపూజ నాడు మొదటి బొట్టు కొత్త కత్తికి పెట్టేవాళ్ళం కాదు, విరిగిన కత్తికి పెట్టేవాళ్ళం.

ఉదయగిరి కొండ కింద మా కొలిమి ఉండేది. కొడవళ్ళు, గొడ్డళ్ళు, బాడిసలు, ఉలులు చేసేవాళ్ళం. చెక్క చెంచాలు చెక్కే సాయిబులకి వంకీ కత్తులు చేసేవాళ్ళం. మా చేతి సరుకు ఏది విరిగినా, పెచ్చు ఊడినా, కొన్నవాళ్ళు దాన్ని తెచ్చి మాకే ఇచ్చేవాళ్ళు. మేము దాన్ని మళ్ళీ నిప్పుల్లో పెట్టేవాళ్ళం కాదు. తిత్తి పైన దూలానికి ఒక ఇనప తీగ కట్టి ఉండేది, దానికి తగిలించేవాళ్ళం. దసరా నాడు తీగ మీదివన్నీ దించి, చింతపండుతో తోమి, నూనె రాసి, పీట మీద ముందు వరుసలో పేర్చేవాళ్ళం. వాటి వెనక సుత్తులు, పట్టకార్లు, ఆ వెనక కొత్త సరుకు. పసుపూ కుంకుమా పెట్టే ముందు నాయన ముందు వరుసలోని ఒక్కొక్కదాన్నీ వేలితో చూపించి అడిగేవాడు.

"ఎవురిది?"

చేసినవాడు "నాది" అనాలి. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి. నష్టపోయిన మనిషికి కొత్తది చేసి ఇవ్వాలి. ఆ ఒక్కటి ఇచ్చాక, మళ్ళీ దసరా వచ్చేదాకా ఆ రకం పనిముట్టు మీద చెయ్యి వెయ్యకూడదు. అంతకు మించి తిట్టూ లేదు, దెబ్బా లేదు.

ఈ పద్ధతి మా తాత పెట్టాడంటారు. ఒక ఏడాది బాడిస విరిగితే నాయనే "నాది" అన్నాడు. ఆ ఏడాదంతా వడ్రంగులు వచ్చి బతిమాలినా ఆయన బాడిస ముట్టలేదు, మా అన్న చేత చేయించాడు.

మా వీధి చివర చెంచాలు చేసే పెద్ద సాయిబు ఒకాయన ఉండేవాడు. ఆయన పూజ నాడు తన వంకీ కత్తి తెచ్చి మా గడప దగ్గర కూర్చుని, ప్రసాదం పెట్టేదాకా కదిలేవాడు కాదు. "ఏం ఆచారీ, యాడన్నా పాసైనోళ్ళకి దండేస్తారు. మీ ఇంట్లో ఫెయిలైనోళ్ళకి బొట్టా?" అనేవాడు ప్రతి ఏడాదీ. నాయన కూడా ప్రతి ఏడాదీ ఒకే జవాబు చెప్పేవాడు: "పాసైనోళ్ళు అడివిలో పనికి పొయినారు సాయిబూ, పండక్కి రాలేదు."

కొండ మీది కోటలో రాజులకి కత్తులు చేసిన వంశం మాదని మా బంధువులు చెప్పుకునేవాళ్ళు. నాయన దానికి నవ్వేవాడు. "రాజులకి చేసినామో లేదో నాకు తెలీదు. చెంచాల సాయిబులకి మాత్రం నాలుగు తరాలు చేసినాం. దానికి సాచ్చికం ఉండాది" అనేవాడు.

ఆ కొలిమికి కిటికీ లేదు. బోదగడ్డి కప్పు నడుము దాకా దిగి ఉండేది. బయటినుంచి వచ్చినవాళ్ళకి కాసేపు ఏమీ కనపడేది కాదు. ఉక్కు ఎంత కాలిందో రంగు చూసి తెలుసుకోవాలి. పండిన రేగుపండు రంగు రాగానే తీసి నీళ్ళలో ముంచితే అంచు నిలుస్తుంది. అది దాటి కాలితే లోపల ఉక్కు గింజ, అదే రవ్వ, పెద్దదై పెళుసెక్కుతుంది. ఎండ పడే చోట ఆ రంగు కంటికి ఆనదు. "ఎండలో ఎరుపు కనపడదురా. కనపడేదాకా కాలిస్తే ఉక్కు చచ్చిపోతాది" అని నాయన మా ఇద్దరికీ చిన్నప్పుడే చెప్పాడు. కాల్చి ముంచి పదును పెట్టే పని ఆ చీకటి కొలిమిలో కూడా పొద్దున్నే చేసేవాడు.

ఇప్పుడు చెప్పబోయేది నేను తెలియక చేసిన తప్పు కాదని చెప్పడానికే ఇదంతా రాశాను.

డెబ్బైల మధ్యలో నేను ఆత్మకూరులో అంగడి పెట్టాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఉదయగిరి చీకటి మీద నాకు విసుగు పుట్టింది. మసిబొగ్గు మాదిరి ఆ గుడిసెలో కూర్చుంటే మమ్మల్ని చూసేవాళ్ళెవరు? బస్టాండుకి పోయే రోడ్డు మీద స్థలం బాడుగకి తీసుకుని, నాలుగు గుంజల మీద రేకులు వేసి, మూడు వైపులా తెరిచి పెట్టాను. బస్సుల్లో పోయేవాళ్ళకి నిప్పురవ్వలు కనపడాలని నా కోరిక. ఎర్ర రంగుతో బోర్డు రాయించాను. నాయన ఒక్క మాట అన్నాడు.

"పెట్టుకో. మన గుర్తు కొట్టి ఆడ నువ్వు చేసిన సరుకు ఒక్కటి పగిలి వస్తే, ఆ పొద్దే రేకులు ఇప్పేసి ఇంటికి రావాల."

మా గుర్తు మూడు చుక్కలు. అచ్చు రెండోది చేయించి నాకు ఇచ్చాడు. అన్న గొడ్డళ్ళు చేసి వారం వారం బస్సు మీద పంపిస్తాడని, నేను అవి అమ్ముతూ కొడవళ్ళు మాత్రం చెయ్యాలని ఒప్పందం. గొడ్డలి చెయ్యడంలో మా అన్న చెయ్యి వేరు. వింజమూరు, దుత్తలూరు వైపునుంచి కట్టెలు కొట్టేవాళ్ళు అతని కోసం వచ్చి, లేకపోతే కూర్చుని ఉండి మరీ తీసుకుపోయేవాళ్ళు.

ఆ రోజుల్లో సోమశిల వైపు చెట్లు కొట్టే పని జోరుగా ఉండేది. ఆత్మకూరు బస్టాండులో దిగిన ప్రతి గుంపూ గొడ్డలి అడిగేది. అన్న పంపినవి రెండు రోజుల్లో అయిపోయేవి. వచ్చినవాళ్ళని ఉత్త చేతులతో పంపడం నాకు నచ్చలేదు. నేనే మొదలుపెట్టాను. లారీ కమాను పట్టీలు తెచ్చి, మధ్యాహ్నం ఎండలో, రేకుల కింద, గిరాకీ నిలబడి చూస్తుండగా పదును పెట్టాను. రంగు కనపడేది కాదు. కనపడేదాకా కాల్చాను. మూడు చుక్కలు కొట్టి అన్న గొడ్డళ్ళ పక్కనే పేర్చాను. కొన్నవాళ్ళకి తేడా తెలియలేదు. నాకు తెలుసు. నా గొడ్డలి మీద గోటితో కొడితే సన్నగా గాజు మోత వచ్చేది.

రెండో ఏడు వినాయక చవితి దాటిన తర్వాత, దుత్తలూరు దగ్గరి ఊరినుంచి ఒక మనిషి ఎడమ కంటికి గుడ్డ కట్టుకుని ఉదయగిరి కొలిమికి వచ్చాడు. పడుచుతనం నుంచీ మా గొడ్డళ్ళే వాడినవాడు. సోమశిల పనికి పోతూ ఆత్మకూరులో మా అంగట్లో కొత్తది కొన్నాడు. తుమ్మ మొద్దు మీద మూడో దెబ్బకి అంచునుంచి వేలి గోరంత ముక్క ఊడి కంట్లో పడింది. నెల్లూరు ఆసుపత్రిలో కన్ను తీసేశారు. అతను నాయనని ఏమీ అనలేదంట. గొడ్డలికున్న కర్ర కామ ఊడదీసి, గొడ్డలిని దాగలి దిమ్మ మీద పెట్టి, "మీది మీకు ఇచ్చేసి పోదామని వచ్చినా ఆచారీ" అని మాత్రం అన్నాడంట. నాయన దాన్ని తీగకి తగిలించాడు. నాకు కబురు పంపలేదు. దసరాకి ఇంటికి పోయినప్పుడు అమ్మ చెప్పింది.

ఆ ఏడాది ముందు వరుసలో రెండే ఉన్నాయి. సాయిబు గడప దగ్గర కూర్చున్నాడు కానీ తన మామూలు మాట అనలేదు. నాయన మొదట వంకీ కత్తి చూపించి, ఎవరినీ అడగకుండా తనే చెప్పాడు.

"ఇది నాది. అతుకు సరిగ్గా పట్టలేదు. తొందరపడినాను."

తర్వాత గొడ్డలిని చేతిలోకి తీసుకున్నాడు. ఊడిన చోట లోపలి రవ్వ కల్లుప్పు మాదిరి మెరుస్తోంది. బాగా పదును పెట్టిన ఉక్కు విరిగితే బూడిద మాదిరి నున్నగా ఉంటుంది. కల్లుప్పు రవ్వ వచ్చేంతగా మా చీకటి కొలిమిలో ఉక్కుని కాల్చడం చేతకానివాడికి కూడా సాధ్యం కాదు. అది నాయనకి తెలుసు, అన్నకి తెలుసు, నాకు తెలుసు. ఆయన దాన్ని తిప్పి మా ఇద్దరికీ కనపడేట్టు పెట్టాడు.

"ఎవురిది?"

అమ్మ కర్పూరం పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. నేను ఆ గొడ్డలిని చూడలేదు. నా మనసులో ఆ కన్ను పోయిన మనిషి లేడు. ఉన్నదంతా నా రేకులు, నా ఎర్ర బోర్డు. నోరు తెరిస్తే అవి పోతాయి. కుంకుమ భరిణ వైపు చూస్తూ నిలబడ్డాను.

"నాది నాయనా" అన్నాడు అన్న.

నాయన ఊడిన అంచు మీద వేలు పెట్టి, "ఎక్కడ పొయింది?" అని అడిగాడు.

"ఎక్కువ కాలింది."

నాయన గొడ్డలికి పసుపు పూసి బొట్టు పెట్టాడు. పూజ అయిపోయింది. విరిగినవి పూజ తర్వాత ఒక కొయ్య పెట్టెలో వేసి పెట్టేవాళ్ళం. ఆ గొడ్డలిని పెట్టెలో వేసింది అన్నే.

మధ్యాహ్నం పెరట్లో చేతులు కడుక్కుంటుంటే నేను అన్న పక్కకి పోయాను. "అన్నా, అది..." అన్నాను.

"చెప్పబాక. చెప్పేదయితే ఆడ చెప్పాల్సింది" అన్నాడు. చేతులు తుడుచుకుని, కొంచెం మెత్తబడి, "ఇంక ఎండలో పని పెట్టుకోబాక. పొయ్యి అంగడి చూసుకో" అన్నాడు.

అన్న ఆ ఏడాది గొడ్డలి ముట్టలేదు. కట్టెలు కొట్టేవాళ్ళు వచ్చి అడిగితే, "నా చేతిలో ఒకటి పగిలింది, ఏడాది చెయ్యను" అని ఉన్నదున్నట్టు చెప్పేవాడంట. జరగనిదాన్ని ఉన్నదున్నట్టు అని ఇప్పుడు రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. ఒకరి కన్ను పోయింది అతని గొడ్డలి వల్లే అని ఆ పల్లెలన్నీ నమ్మాయి. ఏడాది అయిపోయాక కూడా వాళ్ళు మళ్ళీ రాలేదు. ఆత్మకూరులో నా దగ్గరికి వచ్చారు.

నేను మాత్రం తప్పు దిద్దుకున్నాను. ఎవరికీ చెప్పకుండా దిద్దుకున్నాను. అంగడి వెనక మట్టి గోడలు లేపి, వాకిలికి గోనెపట్టా వేలాడదీసి, చిన్న చీకటి గది కట్టాను. పదును పని అంతా అందులో చేశాను. అన్న గొడ్డళ్ళు రావడం ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు అవీ బాహాటంగా నేనే చేశాను. తర్వాత నా గొడ్డలి ఒక్కటి కూడా పగిలి రాలేదు. మంచి పేరు వచ్చింది. ఆ పేరు ఎవరినుంచి నా దగ్గరికి వచ్చిందో నాకు రోజూ తెలుస్తూనే ఉండేది.

నాయన నా అంగడికి వచ్చింది ఒకేసారి. బస్సు దిగి, బోర్డు కింద నిలబడి చదవకుండానే లోపలికి వచ్చి, గోనెపట్టా తొలిగించి చీకటి గదిలోకి పోయాడు. అక్కడ చాలాసేపు కూర్చున్నాడు. నేను కాఫీ తెప్పించి లోపలికి తీసుకుపోయాను.

"ఇది ఎప్పుడు కట్టినావు?"

"రెండేళ్ళయింది నాయనా."

"ఎందుకు కట్టినావు?"

ఆయన గొంతులో కోపం లేదు. నాకోసం తలుపు తీసి పట్టుకున్నట్టు అడిగాడు. గ్లాసు ఆయన చేతికి ఇస్తూ నేను చెప్పిన మాట ఇది: "ఎండ ఎక్కువగా ఉండాది నాయనా, పని చేసేదానికి కష్టంగా ఉంటే కట్టినాను."

"అవునులే, ఎండ ఎక్కువే" అన్నాడు. కాఫీ తాగి, మూడు గంటల బస్సుకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఒకసారి అనుమసముద్రంపేట దర్గాకి పోతూ సాయిబు నా అంగట్లో ఆగాడు. అప్పటికి అన్న వంకీ కత్తులూ ఉలులూ తప్ప ఏమీ చెయ్యడం లేదు.

"గొడ్డలి చెయ్యవా అని అడిగినా మీ అన్నని. చెయ్యి మర్చిపొయిందన్నాడు" అని సాయిబు నా ముఖంలోకి చూశాడు. "చెయ్యి మర్చిపోతాదా అబ్బయ్యా? నన్ను నిద్రలో లేపి చెక్క చేతికిస్తే చెంచా చెక్కి మళ్ళీ పండుకుంటా."

"వయసు మీద పడింది గదా సాయిబూ" అన్నాను.

"నాకా, మీ అన్నకా?" అని లేచి పోయాడు. మా అన్నకి అప్పుడు నలభై కూడా లేవు.

నాయన ఎనభైల మధ్యలో, ఒక ఎండాకాలం పోయాడు. నాలుగు రోజులు మంచంలో ఉన్నాడు. ఆ నాలుగు రోజులూ నేను పక్కనే ఉన్నాను. కాళ్ళు పిసికాను, నీళ్ళు తాపాను. చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఇచ్చి పోయాడు. ఇప్పుడు చెప్తే ఆయన మనసు కష్టపడుతుందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆయనకి తెలిసిన సంగతి వింటే కొత్తగా వచ్చే కష్టం ఏమిటి? చెప్పడం కష్టమైంది నాకు.

ఆ ఏడాది దసరాకి పీట ముందు నాయన చోట అన్న కూర్చున్నాడు. తీగ మీద ఒక్క ఉలి మాత్రమే ఉంది. అన్న దాన్ని ముందు వరుసలో పెట్టాడు. నేను లోపలికి పోయి, కొయ్య పెట్టె తీసి, అడుగునుంచి ఆ గొడ్డలి వెతికి తెచ్చి ఉలి పక్కన పెట్టాను. చింతపండుతో తోమలేదు. తుప్పు పట్టి ఉంది.

అన్న ఉలి చూపించి, "ఇది నాది, మొన వంగింది" అన్నాడు. గొడ్డలిని దాటేసి కుంకుమ అందుకోబోయాడు.

"అడుగు అన్నా."

"ఇప్పుడెందుకురా? పొయినేడుకి ముందేడు కూడా కాదు అది."

"అడుగు."

అన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ పళ్ళెం కింద పెట్టింది. గడప దగ్గర సాయిబు కదలకుండా ఉన్నాడు.

"ఎవురిది?"

"నాది."

"ఎక్కడ పొయింది?"

చెప్పాను. రేకులు, మధ్యాహ్నం ఎండ, గాజు మోత, అన్న గొడ్డళ్ళ పక్కన కలిపి పేర్చడం, ఆ రోజు కుంకుమ భరిణ వైపు చూస్తూ నిలబడడం, అన్నీ చెప్పాను. ఎక్కువసేపు పట్టలేదు. తొమ్మిదేళ్ళు మోసిన మాట కర్పూరం వెలిగించే లోపల అయిపోయింది. అమ్మ, "మీ నాయన ఉన్నప్పుడు చెప్పి ఉంటే ఆయన అన్నం తినుంటాడు" అంది. తొమ్మిదేళ్ళ కిందటి ఆ పూజ నాటినుంచి నాయన రాత్రి అన్నం మానేశాడు. మేమంతా అరగక అనుకున్నాం.

అన్న గొడ్డలికి బొట్టు పెట్టాడు. "పద్ధతి తెల్సు గదా, పో" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఉదయగిరి కొలిమిలోనే గొడ్డలి చేశాను. అన్న తిత్తి కొట్టాడు. రేగుపండు రంగు రాగానే ముంచాను. దాన్ని గోనెలో చుట్టుకుని దుత్తలూరు బస్సెక్కాను.

ఆ మనిషి ఊరి బయట మేకలు కాస్తున్నాడు. కట్టెల పని మానేసి చాలా ఏళ్ళయిందంట. ఒక కంటితో మొద్దు మీద గురి కుదరదు. నన్ను చూసి కొలిమి ఆచారి చిన్న కొడుకునని గుర్తుపట్టాడు. గోనె విప్పి గొడ్డలి ముందు పెట్టాను.

"ఇదేంది?"

"నీకు ఇవ్వాల్సిన గొడ్డలి."

"మీ అన్న అప్పుడే ఇచ్చినాడు గదా. ఆ కార్తీకంలోనే. తను చేసింది నేను ముట్టనేమోనని మీ నాయన చేత చేయించి తెచ్చినాడు. ఏటా ఎండాకాలం వచ్చి అంచు నూరి పోతాడు. ఇంట్లో ఉండాది." అతను నవ్వాడు. "ఒక గొడ్డలికి రెండు యాడన్నా ఇస్తారా ఆచారీ?"

"నీ కంట్లో పడింది మా అన్న చేసింది కాదు. నేను చేసింది."

అతను మేకల వైపు చూశాడు. ఒకటి చేలోకి పోతుంటే రాయి విసిరాడు. తర్వాత నా పక్కకి తిరిగి కూర్చున్నాడు.

"తొమ్మిదేళ్ళు మీ అన్నని తిట్టుకున్నా. ఎదురుగా కాదులే. ఎదురుగా ఉంటే మజ్జిగ ఇచ్చేది మా ఆడది. ఈడ, మేకల కాడ కూర్చుని తిట్టేవాణ్ణి. వాడి చెయ్యి పడిపోవాలని కూడా అన్నా. ఇప్పుడు ఆ తిట్లన్నీ యాడ పెట్టేది?"

"నాకు పెట్టు" అన్నాను.

"అట్టా తీసి ఇట్టా పెట్టేదానికి అవేమన్నా చెంబులా? తీసుకపో నీ గొడ్డలి. ఉన్నది చాలు నాకు."

గోనె మళ్ళీ చుట్టుకుని వచ్చాను. ఉదయగిరిలో దిగి అన్నకి చెప్పాను. అన్న గొడ్డలి తీసుకుని అంచు మీద బొటనవేలు పెట్టి చూశాడు. "రంగు సరిగ్గానే పట్టినావు" అన్నాడు. రేకులు ఇప్పేసి రానా అని అడిగాను. "అది నాయన మాట. ఆయనే లేడు. అంగడి ఉండనీ, గొడ్డలి ఏడాది ముట్టుకోబాక" అని, దాన్ని నా చేతికే ఇచ్చాడు.

ఆ ఏడాదంతా ఆత్మకూరులో నా దగ్గరికి గొడ్డలికి వచ్చినవాళ్ళని వెనక్కి పంపాను. "ఉదయగిరి పోండి, మా అన్న దగ్గర తీసుకోండి" అనేవాణ్ణి. బస్సు చార్జీ పెట్టుకుని అంత దూరం ఎందుకు పోవాలని వాళ్ళు అడిగేవాళ్ళు. "నీకేం వచ్చింది, నువ్వు చెయ్యవా?" అనేవాళ్ళు. అడిగిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. నా చేతిలో ఒకటి పగిలి ఒక మనిషి కన్ను పోయిందని, మా అన్న చేతిలో కాదని. కొందరు విని నా దగ్గర కొడవలి కూడా కొనకుండా పోయారు. కొందరు అన్న దగ్గరికి పోయారు, కొందరు బజారులో దొరికే మిషను సరుకు కొనుక్కున్నారు. అన్న మొదటి నెల రెండు గొడ్డళ్ళు చేశాడని, చెయ్యి ఏమీ మర్చిపోలేదని సాయిబు వచ్చి చెప్పాడు.

ఏడాది అయిపోయాక దసరాకి పోయాను. ముందు వరుస ఖాళీగా ఉంది. అన్న నా వైపు చూసి, "ఇంక చేసుకో" అన్నాడు. సరేనన్నాను. ఆత్మకూరుకి వచ్చి కొడవళ్ళే చేశాను. గొడ్డలి అడిగినవాళ్ళని ఉదయగిరికే పంపుతూ వచ్చాను. దుత్తలూరునుంచి వెనక్కి తెచ్చిన గొడ్డలి మా ఇంట్లో ఉంది. దానికి కామ వెయ్యలేదు.